“ఎనక బరువు పడిందిరా!”

ఎడమ అద్దంలో ట్రైలర్ పక్క గోడ మొత్తం కనిపించింది. మరుక్షణం మాయమై కుడి అద్దంలో కనిపించింది. మళ్లీ ఎడమ అద్దం. నేను స్టీరింగ్ తిప్పట్లేదు. అయినా పికప్ వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని అటూ ఇటూ గుంజుతున్నట్టుంది. ఒక్కో ఊపు ముందుదాని కంటే పెద్దది.

స్పీడ్ 70 మైళ్లు. టెక్సాస్‌లో 287 హైవే మీద డికేటర్ దాటి బోవీ అనే ఊరి వైపు వెళ్తున్నాం. దిగుడు రోడ్డు. అప్పుడే పద్దెనిమిది చక్రాల ట్రక్కొకటి మమ్మల్ని దాటుకుని పోయింది. పికప్‌లో ఐదుగురం ఉన్నాం: నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, గుంటూరు నుంచి ఆరు నెలల కోసం వచ్చిన అమ్మ, నాన్న. వెనక కట్టుకొస్తున్నది 24 అడుగుల ట్రావెల్ ట్రైలర్. మంచాలు, వంటగట్టు, బాత్రూమ్ అన్నీ ఉన్న చక్రాల ఇల్లు.

నేను చేసిన మొదటి పని బ్రేక్ తొక్కడం. ఎవరైనా అదే చేస్తారు. చెయ్యకూడని పని కూడా అదే. పికప్ నెమ్మదించింది, వెనకున్న ఆరువేల పౌండ్లు నెమ్మదించలేదు. అది ముందుకు తోసుకొచ్చింది. పికప్ తోక పక్క లేన్‌లోకి జారింది. వెనక సీట్లోంచి అమ్మ “ఆంజనేయస్వామీ” అని అరిచింది. మా ఆవిడ “ఆపు, ఆపు” అంటోంది. పాప మాత్రం ఇదేదో ఉయ్యాల అనుకుని నవ్వుతోంది.

అదేం తెలివో, భయమో తెలీదు, కాలు బ్రేక్ మీంచి తీసేశాను. యాక్సిలరేటర్ మీదా పెట్టలేదు. స్టీరింగ్‌ని రెండు చేతులతో బిగించి నిటారుగా పట్టుకున్నాను. దేవుడి దయ, దిగుడు అయిపోయి ఎగుడు మొదలైంది. 65, 60, 52... ఊపు తగ్గుతూ వచ్చింది. 45కి వచ్చేసరికి ట్రైలర్ ఏమీ ఎరగనట్టు మా వెనక బుద్ధిగా నడుస్తోంది.

మొత్తం పది సెకన్లు కూడా ఉండదు. బోవీలో ఎగ్జిట్ తీసుకుని, మూతబడ్డ ఒక షాపు ముందున్న ఖాళీ స్థలంలో ఆపాను. ఇంజిన్ ఆపాక నా మోకాళ్లు వణకడం మొదలుపెట్టాయి.

అసలీ ట్రైలర్ ఆలోచన నాదే. అమ్మకి మోకాళ్ల నొప్పులు, షుగర్. గంటన్నరకోసారి బాత్రూమ్ కావాలి. బయటి తిండి పడదు. మోటెల్‌లో మంచం మీద కూర్చుని “ఇంట్లో ఉంటే పోయేదిగా” అనే రకం. ట్రైలర్ అయితే బాత్రూమ్ మనదే, స్టవ్ మనదే, పప్పుచారు మనదే. ఫ్రిస్కో నుంచి పాలో డురో కాన్యన్‌కి 360 మైళ్లు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ తర్వాత అంత పెద్ద లోయ అదే. అందులోనే క్యాంపు. అక్టోబర్ చల్లదనం. ప్లాన్ అద్భుతం.

పికప్ కొన్నప్పుడు షోరూమ్‌లో సేల్స్‌మేన్ చెప్పిన మాట నా చెవిలో ఉండిపోయింది: తొమ్మిది వేల పౌండ్లు లాగుతుంది సార్. ట్రైలర్ ఖాళీ బరువు 4,900. ఇంకేం, సగం బలం మిగిలే ఉంది కదా అనుకున్నా. సాఫ్ట్‌వేర్ వాడిని, లెక్కలు వచ్చినవాడిని. ఒక అంకె చూసి మిగతా అంకెలన్నీ వదిలేశాను.

ట్రైలర్ అద్దెకిచ్చినాయన మంచివాడే. హిచ్ బిగించి, బార్లు తగిలించి, నలభై నిమిషాలు అన్నీ చూపించాడు. గ్యాస్ ఎలా వెలిగించాలో, మురుగు పైపు ఎలా తగిలించాలో నేను వీడియో తీసుకున్నా. సామాను ఎక్కడ పెట్టాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన హిచ్ సెట్ చేసింది ఖాళీ ట్రైలర్‌కి. ఇంటికి తెచ్చాక దాన్ని నింపింది మేము.

ఎలా నింపామంటే: వెనక గదిలో పిల్లల బంక్ మంచాలు. వాటి కింద బోలెడు ఖాళీ. పాతిక కిలోల సోనామసూరి బస్తా అక్కడే. కుక్కర్లు, గ్రైండర్, పచ్చడి జాడీలు, సూట్‌కేసులు, నాన్న కోసం మడత మంచం, అన్నీ అక్కడే. వెనక బంపర్‌కి రాక్ తగిలించి రెండు సైకిళ్లు. పైగా దారిలో నీళ్లకి ఇబ్బంది ఎందుకని 40 గ్యాలన్ల ట్యాంకు నిండా పట్టాం. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. అంటే 330 పౌండ్ల పైచిలుకు. ఆ ట్యాంకు ఎక్కడుంది? ట్రైలర్ ఇరుసుల వెనక. ఇదంతా తర్వాత తెలిసిన జ్ఞానం. అప్పటికి మాత్రం సామాను చక్కగా సర్దామని ఫొటో తీసి గ్రూపులో పెట్టాను.

బోవీకి వస్తే, అమ్మ దిగి గట్టు మీద కూర్చుంది. “నేను ఇంక దాన్లో ఎక్కనురా. నన్ను బస్సెక్కించు” అంది. ఆ ఊళ్లో బస్సెక్కడుంటుంది! మా ఆవిడ వెనక్కి వెళ్లిపోదామంది. వెనక్కి వెళ్లాలన్నా దీన్ని లాక్కునే కదా వెళ్లాలి. అదీ అసలు చిక్కు. ముందుకైనా వెనక్కైనా ఆ ట్రైలర్ మా వెంటే ఉంటుంది.

నాన్న ఏమీ మాట్లాడలేదు. చేతులు వెనక కట్టుకుని ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు. వెనక సైకిళ్ల దగ్గర ఆగాడు. చక్రాలు ఎక్కడున్నాయో చూశాడు. అప్పుడు నన్ను పిలిచాడు.

“ఏరా, ఎనక గదిలో ఏం పెట్టావ్?”

చెప్పాను.

“నీళ్లు?”

“ట్యాంకు నిండా ఉన్నయ్ నాన్నా.”

“ఎనక బరువు పడిందిరా. కాడి లేచిద్ది.”

ఈ కాలం కుర్రాళ్లకి ఆ మాట అర్థం కాకపోవచ్చు. నాకూ సగమే అర్థమైంది. ఎద్దుబండికి రెండే చక్రాలు, ఒకటే ఇరుసు. ముందుకి చాచిన నొగల చివర కాడి, ఆ కాడి ఎద్దుల మెడ మీద. బండిలో బరువు మరీ ముందుంటే ఎద్దుల మెడ విరిగినట్టవుతుంది. మరీ వెనకుంటే కాడి పైకి లేచి, మెడకి కట్టిన పలుపు గొంతుకి బిగుస్తుంది. అందుకే బండి కట్టేవాడు కాడి చేత్తో ఎత్తి చూస్తాడు. బరువు కాస్త ముందుకే మొగ్గాలి. ఎంత ముందుకి అనేది చెయ్యి చెబుతుంది.

అమెరికాలో దీన్నే టంగ్ వెయిట్ అంటారు. ట్రైలర్ మూతి పికప్ హిచ్ మీద ఎంత బరువు మోపుతోంది అని. సామానుతో సహా మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలి. పది కంటే తగ్గితే తోక ఊగడం మొదలవుతుంది. నాన్న ఇంగ్లిష్ మాన్యువల్ చదవలేదు. పల్నాడులో పాతికేళ్లు బండి తోలాడు, అంతే.

ఎందుకు ఊగుతుందో కూడా కాస్త చెబుతాను, ఎందుకంటే నేను ఆ రాత్రి ఫోన్‌లో కూర్చుని చదివింది అదే. ట్రైలర్ ఒక్క గుండు మీద తిరుగుతూ ఉంటుంది. బరువు వెనకుంటే అది లోలకం. గాలి తోసినా, స్టీరింగ్ కాస్త కదిలినా ఊగుతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు టైర్లు ఆ ఊపుని మింగేస్తాయి. వేగం పెరిగేకొద్దీ మింగే శక్తి తగ్గుతుంది. ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. అంటే మా ట్రైలర్ 55లో బుద్ధిమంతుడు, 70లో పిచ్చోడు. ఇంటి నుంచి గంటసేపు బాగానే వచ్చిందిగా అని మురిసిపోవడంలో అర్థం లేదు. దాన్ని కదిలించింది ఆ పెద్ద ట్రక్కు. అది పక్కకి వచ్చేటప్పుడు దాని ముందున్న గాలి మన ట్రైలర్‌ని అవతలికి నెడుతుంది, దాటిపోయేటప్పుడు తన వైపు లాక్కుంటుంది. ఒక నెట్టు, ఒక లాగు. ఉయ్యాల ఊపినట్టే.

మరి ఊపు ఆపే బార్లు ఉన్నాయి కదా? ఉన్నాయి. ఊపుని కొంత పట్టుకుంటాయి, పికప్ వెనక మీద పడ్డ బరువులో కొంత ముందు చక్రాలకి పంచుతాయి. కానీ తప్పుగా సర్దిన సామానుని అవి సరిచెయ్యవు. తప్పుని కాసేపు కనపడనివ్వవు, అంతే. నాకు మాత్రం అవి తాయెత్తులా కనిపించాయి.

బోవీలో రెండు గంటలు పట్టింది. ముందు నీళ్ల ట్యాంకు వాల్వు తీసేశాం. 40 గ్యాలన్లు నేల మీద పారుతుంటే అమ్మ “అయ్యో, నీళ్లు” అంది. అంత భయంలోనూ! క్యాంపులో మా సైటుకి నీళ్ల కుళాయి, కరెంటు ఉంటాయి, నీళ్లు మొయ్యాల్సిన పనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. సైకిళ్లు దింపి పికప్ తొట్టిలో వేశాం. బంకుల కింద ఉన్నదంతా నేనూ మా ఆవిడా ముందుకి మోశాం. ట్రైలర్ మూతి దగ్గర అడ్డంగా ఒక పెద్ద అర ఉంటుంది, బియ్యం బస్తా, గ్రైండర్, జాడీలు దాన్లోకి వెళ్లాయి. సూట్‌కేసులు ముందు మంచం కింద. పైన అరల్లో ఉన్న డబ్బాలు కిందకి.

నాన్న కొలత చూడాలి. బార్లు విప్పించాడు. ట్రైలర్ మూతికి ఉన్న జాకీ నాతో తిప్పించి, బరువంతా జాకీ మీదకి తీసుకున్నప్పుడు పికప్ వెనక బంపర్ ఎంత ఎత్తులో ఉందో, జాకీ దింపి బరువు హిచ్ మీద వదిలినప్పుడు ఎంత కుంగిందో వేళ్లతో చూశాడు. సామాను మార్చక ముందు రెండు వేళ్లు కుంగింది. మార్చాక నాలుగు వేళ్లు. “ఇప్పుడు మెడ మీద బరువు కూర్చుంది” అన్నాడు.

బరువు కుదిరింది సరే, తగిలింపు కుదరాలిగా. గుండు మీద మూతి కూర్చున్నాక లాచ్ వేసి, దానికి పిన్ను పెట్టి, జాకీతో కాస్త పైకెత్తి చూడాలి. పికప్ వెనక కూడా లేస్తే నిజంగా పట్టుకున్నట్టు. గొలుసులు రెండూ మూతి కింద కత్తెరలా అడ్డంగా దాటించి తగిలించాలి. పొరపాటున మూతి ఊడితే రోడ్డు మీద పొడుచుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాలలో పడుతుంది. నాన్నకి ఇది బాగా నచ్చింది. “ఇది తెలివైన పని” అని రెండుసార్లు అన్నాడు. ఇంకో సన్న తీగ ఉంటుంది, బ్రేక్‌అవే కేబుల్. ట్రైలర్ పూర్తిగా తెగిపోతే అది పిన్ను లాగేసి, ట్రైలర్ సొంత బ్యాటరీతో దాని బ్రేకులు పట్టేస్తుంది. దాన్ని గొలుసుకి కాకుండా పికప్‌కే కట్టాలి. నేను పొద్దున్న గొలుసుకి తగిలించాను. గొలుసు ఊడితే అదీ ఊడుతుంది, ఇంకెందుకు?

ఇంకొక సిగ్గు. డాష్‌బోర్డు కింద ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ అని ఒకటి ఉంది, దానికో చిన్న మీట. అది నొక్కితే పికప్ బ్రేకులు పడవు, ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడతాయి. తోక ఊగినప్పుడు చెయ్యాల్సింది అదే. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, ఆ మీట మెల్లగా నొక్కాలి. గాలిపటానికి తోక కడితే అది వెనక్కి లాగుతూ పటాన్ని నిలబెడుతుంది చూడండి, అలా ట్రైలర్ వెనక్కి లాగబడి సూటిగా నిలబడుతుంది. ఊపుకి ఎదురుగా స్టీరింగ్ తిప్పితే ఊపు పెరుగుతుంది. స్పీడ్ పెంచితే ట్రైలర్ సాగి సూటిగా అవుతుందని చెప్పేవాళ్లున్నారు. ఆ మాట వినకండి, ఊపుని పెంచేదే వేగం.

ఆ మీట ఎక్కడుందో నాకు తెలుసు. అవసరమైన క్షణంలో చెయ్యి దాని దగ్గరికి పోలేదు. అందుకని ఆ ఖాళీ స్థలంలోనే ఇరవై మైళ్ల వేగంతో నాలుగైదు రౌండ్లు కొట్టి, మీట ఒక్కటే నొక్కి ఆపడం సాధన చేశాను. ట్రైలర్ చక్రాలు ఇంక బిగుసుకుపోతాయేమో అనేదాకా పవర్ పెంచి, అక్కడి నుంచి కాస్త తగ్గించాను. అంతకు ముందు ఎవరో వదిలేసిన నంబరుతోనే వచ్చేశాను మరి.

అమ్మ ఎక్కింది. ఎలా ఎక్కిందంటే, నాన్న వెళ్లి “నేను చూశాలే, ఎక్కు” అన్నాడు. నా మీద నమ్మకంతో కాదు.

కుడి లేన్‌లో, 55కి మించకుండా విచిటా ఫాల్స్ చేరాం. అక్కడ ట్రక్కులు ఆగే పెద్ద బంకులో తూకం వేయించాం. ఈ తూకం సంగతి ముందే తెలిసుంటే బాగుండేది. మూడు పలకలు ఉంటాయి. పికప్ ముందు చక్రాలు ఒకదాని మీద, వెనక చక్రాలు రెండోదాని మీద, ట్రైలర్ చక్రాలు మూడోదాని మీద ఆపితే విడివిడిగా బరువులు కాయితం మీద వస్తాయి. బార్లు విప్పేసి ఒకసారి తూచాం. ట్రైలర్ని పక్కన విప్పి పెట్టి, పికప్‌ని మాత్రం మళ్లీ తూచాం. రెండోసారికి తక్కువే తీసుకున్నారు.

పికప్ ఒంటరిగా, మాతో సహా 6,220 పౌండ్లు. ట్రైలర్ తగిలించినప్పుడు పికప్ చక్రాల మీద 6,920. తేడా 700. అదే మెడ మీద బరువు. ట్రైలర్ చక్రాల మీద 4,890. రెండూ కలిపితే ట్రైలర్ 5,590 పౌండ్లు, మన లెక్కలో రెండున్నర టన్నులు. 700ని 5,590తో భాగిస్తే పన్నెండున్నర శాతం. నాన్న నాలుగు వేళ్లు సరిగ్గా పది, పదిహేను మధ్యలో కూర్చున్నాయి. పొద్దున్న ఎంత ఉండి ఉంటుందని తీసేసిన నీళ్లు, మార్చిన సామాను లెక్క తిరగేసి చూశాను. 400 కూడా ఉండి ఉండదు. ఆరువేలకి 400 అంటే ఏడు శాతం లోపు.

ఆ కాయితం చూస్తుంటే ఇంకో విషయం బయటపడింది. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన పసుపు, తెలుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని. మా పికప్‌కి 1,600 పౌండ్లు. ఐదుగురం 630. తొట్టిలో సైకిళ్లు, కట్టెలు 130. హిచ్ ఇనుము 80. ట్రైలర్ మూతి మోపే 700 కూడా ఇందులోకే వస్తుంది. మొత్తం 1,540. మిగిలింది 60 పౌండ్లు! తొమ్మిది వేలు లాగుతుందన్న బండిలో ఇంకో మనిషి ఎక్కడానికి చోటు లేదు. లాగే బలం వేరు, మోసే బలం వేరు. మనవాళ్లు వీకెండ్‌కి ట్రైలర్ అద్దెకి తీసుకుంటూ నన్ను అడిగితే నేను చెప్పే మొదటి మాట ఇదే: ప్రకటనలో అంకె కాదు, తలుపు పక్కన అంకె చూడండి. ఇంటిల్లిపాదీ ఎక్కే మనలాంటి వాళ్లకి ముందు అయిపోయేది అదే.

టైర్లు కూడా అక్కడే చూశాం. ట్రైలర్ టైర్ల మీద ఎస్.టి. అని ఉంటుంది. కొన్నిటికి 65 మైళ్లే గరిష్ఠ వేగం. హైవే బోర్డు 75 అన్నా టైరు ఒప్పుకోదు. కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగేవాళ్లకి చట్టమే 55 అంటుంది. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, మాదానికి 3520. అంటే 2020లో 35వ వారంలో తయారైంది. అరుగుదల కనపడకపోయినా ట్రైలర్ టైర్లు ఎండలో నిలబడి నిలబడి వయసుతోనే పోతాయి. చక్రాల నట్లు కూడా మొదటి యాభై మైళ్ల తర్వాత ఒకసారి బిగించి చూడాలట. ఒకటి కాస్త తిరిగింది. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు.

విచిటా ఫాల్స్ దాటాక నేల చదునైపోయింది. క్వానా, చిల్డ్రెస్ ప్రాంతమంతా పత్తి. నాన్న కిటికీకి అతుక్కుపోయాడు. మిషన్లు పత్తి తీసి, గుండ్రటి పెద్ద పెద్ద మోపులు కట్టి, వాటికి పసుపు, గులాబి రంగు ప్లాస్టిక్ చుట్టి పొలంలో దొర్లించి పెడతాయి. “ఒక్క కూలీ లేడేంట్రా” అన్నాడు. కాసేపాగి, “రేటెంతో” అన్నాడు.

గాలి లేచింది. పక్క నుంచి ఒకటే తోపు. పొద్దుటి ఊపు కాదు, పికప్, ట్రైలర్ రెండూ కలిసి పక్కకి జరుగుతున్నట్టు. ట్రైలర్ ఊగలేదు. అయినా చిల్డ్రెస్‌లో ఆగిపోయాం. కాన్యన్‌లో ఆ రాత్రికి కట్టిన డబ్బు పోయింది. ఫోన్‌లో గాలి హెచ్చరిక చూపిస్తోంది, ఆగడమే పని. పొద్దున్న అయితే నేను ఆగేవాణ్ని కాదు, నాకు తెలుసు.

ఆ రాత్రి అమ్మ ట్రైలర్లోనే పప్పుచారు పెట్టింది. బయట గాలి హోరు. పాప బంకు మీద నిద్రపోయింది. నాన్న నేను ఎప్పుడూ వినని సంగతి చెప్పాడు.

ఆయనకి అప్పుడు పదిహేడేళ్లు. తాతయ్యకి జ్వరం. మిర్చి టిక్కీలు బండికెత్తి గుంటూరు తీసుకెళ్లమని మొదటిసారి ఒక్కణ్నే పంపారు. ఎవరో చెప్పారని ఇంకో నాలుగు టిక్కీలు వెనక వేసుకున్నాడు, బాడుగ వస్తుందని. సాగర్ కాలవ వంతెన ఎక్కేచోట ఎగుడు. ఎక్కుతుండగా బరువు వెనక్కి మొగ్గింది, నొగలు లేచాయి. రెండు ఎద్దులూ కాడికి వేలాడినట్టయ్యాయి. పలుపు గొంతుకి బిగిసి ఒకదాని నాలుక బయటికొచ్చింది.

“కొడవలి చేతిలో ఉంది కాబట్టి పలుపు కోశా. లేకపోతే రెండూ పోయ్యేయి.”

“తాతయ్య కొట్టాడా?”

“కొట్టలా. కొడితే పోయేది. నెల రోజులు నాతో మాట్టాళ్లా.”

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే అన్నాడు, “నేను బోవీలో నిన్నేమన్నా అన్నానా?”

అనలేదు. ఒక్క మాట అనలేదు. నలుగుర్ని ప్రమాదంలోకి తోసినవాణ్ని “ఏం పెట్టావ్ వెనక” అని మాత్రం అడిగాడు. నేనప్పుడు గమనించలేదు.

మర్నాడు గాలి తగ్గింది. పాలో డురోలోకి దిగే రోడ్డు పది శాతం వాలు, మలుపులు. 1930ల్లో ఉపాధి పథకం కింద కుర్రాళ్లని పెట్టి వేయించిన పార్కు అది. పైనే ఆగి టో మోడ్ వేసి, గేర్ రెండోదానికి తెచ్చుకున్నాను. దిగుడులో బ్రేక్ తొక్కి పట్టుకుంటే వేడెక్కి పట్టు పోతుంది. ఇంజిన్‌తో ఆపుకుంటూ, మధ్యమధ్య ఒక్కసారి గట్టిగా నొక్కి వదలాలి. వెనక వస్తున్న కార్లు ఐదారు పోగయ్యాయి. పోగవనీ అనుకున్నా. ఎర్రటి గోడలు రెండు వైపులా లేస్తున్నాయి. అమ్మ కళ్లు మూసుకునే ఉంది. నాన్న అద్దంలో ట్రైలర్‌నే చూస్తున్నాడు, లోయని చూడట్లేదు.

మూడు రోజులున్నాం. వచ్చేటప్పుడు సామాను నాన్నే సర్దించాడు. డికేటర్ దిగుడు ఈసారి మాకు ఎగుడు. పెద్ద ట్రక్కులు దాటుతూనే ఉన్నాయి. ట్రైలర్ ఒకసారి చిన్నగా నెట్టినట్టయి అక్కడే ఆగింది. నా కుడిచెయ్యి మాత్రం దారి పొడుగునా ఆ మీట పక్కనే ఉంది.

ట్రైలర్ తిరిగి ఇచ్చేటప్పుడు దాని ఓనర్‌కి జరిగింది చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. నీళ్ల ట్యాంకు మూత పక్కన ఒక చీటీ అంటిస్తానన్నాడు. అంటించాడో లేదో తెలీదు.

ఈ వేసవిలో మళ్లీ వెళ్లాం, ఆర్కన్సా వైపు, ఈసారి చిన్న ట్రైలర్‌తో. నాన్న వాళ్లు ఇండియాలో ఉన్నారు. బయల్దేరే ముందు వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. అమ్మ జాగ్రత్త అని నాలుగుసార్లు చెప్పి ఫోన్ ఆయనకిచ్చింది.

“ఏదీ, మూతి దగ్గర చూపించు” అన్నాడు. చూపించాను. “గొలుసులు?” కిందకి వంగి చూపించాను. “ఆ సన్న తీగ దేనికి కట్టావ్?”

“పికప్‌కే నాన్నా.”

“సరే, ఎనక్కి పద. తలుపు తియ్.”

తలుపు తీసి కెమెరా లోపలికి పెట్టాను. వెనక బంకు కింద పాప దాచుకున్న బొమ్మల పెట్టె ఒకటి కనిపించింది.

“అదేంటది?” అన్నాడు.